సున్నా మేస్త్రి నోటి మాట

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయన గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఊరందరికీ ఆయన సున్నా మేస్త్రి. బస్టాండు వెనక వీధిలో కార్ల చక్రాలు సరిచేసే షెడ్డు ఆయనది. చక్రాన్ని మిషనుకు తగిలించి గిర్రున తిప్పితే, ఏ పక్క ఎంత బరువు తక్కువో తెర మీద అంకె పడుతుంది. అక్కడ ఓ చిన్న సీసం బిళ్ల అతికించి మళ్లీ తిప్పాలి. అంకె సున్నాకొస్తే చక్రం కుదిరినట్టు. ఆ సున్నా పడగానే ఆయన "సున్నా!" అని కేకేసేవాడు. ఎదురుగా ఉన్న మంగలి షాపులో గడ్డం గీయించుకునేవాళ్లు మొదట్లో ఉలిక్కిపడేవారు. తర్వాత్తర్వాత అలవాటైపోయింది.

పని ఎంత బాగా వచ్చో మాట కూడా అంతే బాగా వచ్చు ఆయనకు. చక్రం తిరుగుతున్నంతసేపూ ఎవరినో ఒకరిని ఆటపట్టిస్తూనే ఉండేవాడు. బండి బాగానే ఉన్నా కబుర్ల కోసం వచ్చి కూర్చునేవాళ్లుండేవారు. "చక్రాలకు బిళ్లలతికిస్తారు, ఆ నోటికొకటి అతికించే మేస్త్రి దొరకడే నాకు" అని భార్య విసుక్కునేది. ఆ మాట కూడా షెడ్డులో నలుగురికీ చెప్పి నవ్వించేవాడు.

ఇరవై రెండేళ్లు అలా గడిచాయి. ఆ తర్వాత డయాలసిస్ సెంటరు వ్యాను సంగతి జరిగింది.

ఆ సెంటరు ఊరి చివర ఉండేది. కిడ్నీ జబ్బు మనుషుల్ని చుట్టుపక్కల ఊళ్ల నుంచి తీసుకొచ్చి, రక్తం శుద్ధి చేయించి, మళ్లీ ఇళ్ల దగ్గర దింపడానికి ఓ తెల్ల వ్యాను పెట్టారు. దాని డ్రైవరుకు యాభై ఆరేళ్లు. ముప్పై ఏళ్లుగా స్టీరింగు పట్టిన మనిషి. మాట తక్కువ, చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ చేసి ఉండేది. సూదిపోట్లతో నీరసించి ఎక్కిన వాళ్లకు కుదుపు తగలకూడదని గుంతల దగ్గర బండిని నీళ్లకడవ మోసినట్టు నడిపేవాడు. పేషెంట్లు ఆయన్ని పెద్దన్న అని పిలిచేవారు.

ఓసారి వ్యానుకు నాలుగు కొత్త టైర్లు వేయించడానికి సున్నా మేస్త్రి షెడ్డుకు తెచ్చాడు. ఆ వ్యానుకున్న రిమ్ములు దానివి కావు. పాతవి సొట్టలు పడితే వేరే మోడల్ బండివి తెచ్చి వేశారు. వాటి మధ్య రంధ్రం కాస్త పెద్దది. ఆ సందు పూడ్చి చక్రాన్ని సరిగ్గా నడిమధ్యన కూర్చోబెట్టడానికి లోపల ఇరుసు మొగ్గ మీద, అంటే హబ్బు మీద, గాజులాంటి గట్టి ప్లాస్టిక్ రింగు ఒకటి ఉంటుంది. ముందు ఎడమ పక్క రింగు తుప్పుకు కరుచుకుపోయింది. మేస్త్రి స్క్రూడ్రైవరుతో ఊడబీకబోతే పుటుక్కున విరిగింది.

మిట్టమధ్యాహ్నం. బయట ఆరు బండ్లు వరసలో ఉన్నాయి. "రేపు తెప్పించి వేద్దాంలే" అనుకుని విరిగిన ముక్కలు చెత్తడబ్బాలో పడేశాడు. రింగు లేకుండానే చక్రం ఎక్కించి నట్లు బిగించాడు. ఆ రేపు మళ్లీ రాలేదు. సాయంత్రానికే ఆ సంగతి ఆయన బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది.

వారం తిరక్కుండా పెద్దన్న వచ్చాడు.

"మేస్త్రీ, హైవే మీద ఎనభై దాటగానే స్టీరింగు వణుకుతోంది. అంతకు తక్కువైతే ఏం లేదు."

మేస్త్రి చక్రాలు విప్పాడు, మిషను మీద తిప్పాడు, "సున్నా!" అని కేకేశాడు, బిగించి పంపాడు. చక్రాన్నే చూశాడు తప్ప, అది కూర్చునే చోటికేసి కన్నెత్తి చూడలేదు. హైవే అక్కడికి పన్నెండు కిలోమీటర్లు. వీధి చివరిదాకా ఓ చక్కరు కొట్టి, "వెన్నలా పోతోంది" అన్నాడు. ఆ వీధిలో నలభై దాటడానికి వీల్లేదు.

పది రోజులకు పెద్దన్న మళ్లీ వచ్చాడు. మళ్లీ సున్నా. ఈసారి మేస్త్రికి కొంచెం చిరాకేసింది. "అన్నా, మిషను నాలాగా అబద్ధాలాడదు. రోడ్డు బాగాలేదేమో చూడు" అన్నాడు. పెద్దన్న తల ఊపి వెళ్లిపోయాడు.

మూడోసారి ఆయనతో పాటు సెంటరు మేనేజరమ్మ కూడా వచ్చింది. నలభై దాటిన మనిషి, మాట ఖచ్చితం. మాటిమాటికీ వ్యాను షెడ్డుకు పోతుంటే పేషెంట్లకు ఆలస్యమవుతోందని, అసలు సంగతేంటో తేల్చుకుందామని వచ్చింది. షెడ్డులో ఆ పూట జనం బాగానే ఉన్నారు. మంగలి కూడా దువ్వెన చేత్తో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మేస్త్రికి నలుగురూ ఉంటే ఊపొస్తుంది. చక్రం తిప్పాడు. సున్నా పడింది. మేనేజరమ్మకు తెర చూపించాడు.

"చూడండి మేడమ్. ఇటు సున్నా, అటు సున్నా. బండిలో వణుకు లేదు. ఇంకా వణుకుతోందంటే..." అని ఓ క్షణం ఆగి, పెద్దన్న చేతులకేసి చూసి, "చేతులకేమన్నా నాలుగు బిళ్లలతికించమంటారా?" అన్నాడు.

షెడ్డంతా గొల్లుమంది. పెద్దన్న కూడా నవ్వాడు, అందరికంటే ఆఖర్న.

మేనేజరమ్మ నవ్వలేదు. పెద్దన్న వైపు తిరిగి, "ఓసారి చేతులు చాపండి" అంది.

ఆయన రెండు చేతులూ ముందుకు చాపాడు. అంతమంది చూస్తుండగా చాపిన చేతులవి. వేళ్ల చివర్లు సన్నగా అదిరాయి.

మేస్త్రికి ఆ క్షణంలోనే తెలుసు. పెళ్లిచూపుల్లో కాఫీ కప్పు పట్టుకుంటే తన చేతులూ అలాగే అదిరాయి. పదిమంది కళ్లు పడితే ఎవరి వేళ్లయినా అదురుతాయి. ఆ ఒక్క మాట అనేసి ఉంటే సరిపోయేది. కానీ నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు, జోకు బాగా పేలింది. నోరు మెదపలేదు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?" అని మేనేజరమ్మ అడుగుతుంటే పెద్దన్న తన చేతుల్ని ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు.

మర్నాటి నుంచి ఆయన్ని వ్యాను మీంచి తీసేశారు. పూర్తిగా మానిపించలేదు. గేటు దగ్గర కుర్చీ వేసి, వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసే పని ఇచ్చారు. పేషెంట్ల ప్రాణాలతో పని కదా, మేనేజరమ్మను తప్పు పట్టడానికి లేదు. మేస్త్రికి ఆ కబురు మంగలి చెప్పాడు. "పోనీలే, ఈ వయసులో నీడపట్టున కూర్చుంటాడు" అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

నాలుగు నెలలు పోయాయి. వ్యానుకు కొత్త డ్రైవరు వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, లారీలు తోలిన మనిషి, చేతులు రోకళ్లలా ఉంటాయి. పేషెంట్ల బండి కాబట్టి డెబ్బై దాటొద్దని మేనేజరమ్మ మొదట ఆంక్ష పెట్టింది. తర్వాత దూరపు ఊళ్లు ఇంకో రెండు కలిశాయి. వేళకు చేరాలంటే వేగం పెంచక తప్పలేదు. పెంచిన మూడో రోజున అతను వ్యానుతో సహా షెడ్డు ముందు దిగాడు.

"అన్నా, ఎనభై దాటగానే స్టీరింగు వణుకుతోంది. చేతులు జివ్వుమంటున్నాయి."

మేస్త్రి చేతిలో ఉన్న స్పానరు చేతిలోనే ఉండిపోయింది. ఆ రోకళ్లలాంటి చేతుల్ని చూశాడు. జోకు వేయడానికి నోరు రాలేదు.

"పద, హైవే ఎక్కుదాం" అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఓ గిరాకీతో కలిసి హైవే దాకా పోవడం అదే మొదటిసారి.

స్టీరింగు తనే పట్టుకున్నాడు. అరవైలో ఏమీ లేదు. డెబ్బైలోనూ లేదు. ఎనభై మీదికి ముల్లు ఎక్కగానే వేళ్ల కొసల్లో మొదలైంది. ఎనభై అయిదుకు మణికట్ల దాకా వచ్చింది. డ్యాష్‌బోర్డు మీద పెట్టిన కళ్లద్దాలు గలగలమన్నాయి. మేస్త్రి మెల్లగా బ్రేకు తాకించాడు. వణుకు పెరగలేదు, తరగలేదు. అంటే బ్రేకు డిస్కులది కాదు. గేరు తీసేసి బండిని దాని మానాన వదిలాడు. అయినా ఉంది. అంటే ఇంజనుది కాదు. సీటు కింద లేదు, చేతుల్లోనే ఉంది. అంటే ముందు చక్రాలే.

పక్కకు తీసి ఆపి, జాకీ వేసి, ముందు చక్రాలు వెనక్కీ వెనకవి ముందుకూ మార్చాడు. మళ్లీ ఎక్కి ఎనభై అయిదు పట్టించాడు. చక్రాలు మారినా వణుకు మారలేదు. చక్రానిది కాకపోతే చక్రం కూర్చునే చోటిదే. తన మిషను నాలుగు నెలల కిందట చెప్పింది నిజమే. అది చక్రం సంగతి చెప్పింది. తను బండి సంగతి అనుకున్నాడు.

ఎడమ చక్రం మళ్లీ విప్పి, ఈసారి అది కూర్చునే చోటును చూశాడు. హబ్బు బోసిగా ఉంది. కుడిది విప్పాడు. నల్లటి రింగు గాజులా మెరుస్తోంది. మిట్టమధ్యాహ్నం, ఆరు బండ్ల వరస, పుటుక్కుమన్న చప్పుడు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందుకొచ్చాయి. రింగు లేని ఆ చక్రం వెంట్రుకవాసి పక్కకు కూర్చుంది. మెల్లగా పోయేటప్పుడు ఆ తేడా పైకి తెలియదు. వేగం అందుకుంటే బండి ముక్కునంతా ఊపేస్తుంది.

"ఏంటన్నా, దొరికిందా?" అన్నాడు కొత్త డ్రైవరు.

అప్పుడన్నా నిజం చెప్పి ఉండొచ్చు. "రాళ్ల దెబ్బకు రింగు పోయింది. ఈమధ్యే పోయినట్టుంది" అన్నాడు మేస్త్రి.

మర్నాడు రింగు తెప్పించి వేశాడు. స్టీరింగు తొంభైలో కూడా గోడలా నిలబడింది. కొత్త డ్రైవరు సంబరపడిపోయి, "సున్నా మేస్త్రి అంటే ఊరికే అన్నారా!" అని చేతులు పట్టుకుని ఊపాడు. మంగలి విన్నాడు, పక్క షాపువాళ్లు విన్నారు. పొగడ్త ఒంటికి కారం రాసినట్టుంది మేస్త్రికి.

తొమ్మిది రోజులు ఆ నిజాన్ని కడుపులో పెట్టుకుని తిరిగాడు. షెడ్డులో మాట పడిపోయింది. కబుర్లకొచ్చేవాళ్లు కాసేపు కూర్చుని, ఏమీ కదలకపోతే లేచిపోయేవారు. "ఒంట్లో బాగాలేదా?" అని భార్య నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఎవరు పెద్దన్న మాటెత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు.

పదో రోజు భార్యను సెంటరుకు తీసుకెళ్లాల్సొచ్చింది. ఆమె పిన్నికి అక్కడ చికిత్స చేయిస్తున్నారు. గేటు దగ్గర పెద్దన్న కూర్చుని ఉన్నాడు. అదే ఇస్త్రీ చొక్కా. ముందు రిజిస్టరు తెరిచి ఉంది. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో ఉన్నాయి.

"పేరు మీరే రాసుకోండమ్మా" అని మేస్త్రి భార్యకు పెన్ను వైపు చూపించాడు, గడ్డంతో. "నా రాత వంకర పోతోంది ఈమధ్య."

మేస్త్రిని చూసి పలకరింపుగా నవ్వాడు. కోపమేమీ లేదు ఆ నవ్వులో. ఉండి ఉంటే బాగుండేది.

లోపలికి పోయాక పిన్ని తన మంచం మీంచి చెప్పుకొచ్చింది. "పాపం పెద్దన్న. బంగారంలాంటి మనిషి. కూతురికి పాప పుట్టి మూడు నెలలైందట, ఇంతవరకూ ఎత్తుకోలేదు. చేతుల్లోంచి జారిపోతుందేమోనని భయమట."

మేస్త్రి ఇంక అక్కడ కూర్చోలేకపోయాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లాక మొత్తం భార్యకు చెప్పేశాడు. విరిగిన రింగు, రేపు అనుకోవడం, జోకు, చాపిన చేతులు, కొత్త డ్రైవరుకు ఆడిన అబద్ధం, ఒక్కటీ దాచలేదు. ఎప్పుడూ విసుక్కునే మనిషి ఆ రోజు విసుక్కోలేదు. "నాకు చెబితే ఏం లాభం?" అంది. "రేపు పొద్దున్నే వెళ్లండి. రేపు అంటే రేపే."

పొద్దున్నే వెళ్లాడు. పెద్దన్నది రెండు గదుల వాటా. వరండాలో ఉయ్యాల కట్టి ఉంది. పెద్దన్న భార్య లోపలికి రమ్మని కుర్చీ వేసింది. మేస్త్రి కూర్చోలేదు.

"అన్నా, నీ చేతులకేం లేదు" అన్నాడు. నిలబడే మొత్తం చెప్పాడు. ఎక్కడా రంగు పూయలేదు.

పెద్దన్న కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు. అయ్యాక అడిగాడు.

"అయితే ఆ రోజు నేను చెప్పింది నిజమే."

"నిజమే అన్నా."

"మూడుసార్లు చెప్పాను."

"మూడుసార్లు చెప్పావు."

పెద్దన్న జేబుల్లోంచి చేతులు తీసి చూసుకున్నాడు. అవి వణుకుతున్నాయి. షెడ్డులో ఆనాడు అదిరినట్టు కాదు, బాగానే వణుకుతున్నాయి.

"మరి ఇదేంటి మేస్త్రీ?" అన్నాడు. "ఇది నిజంగానే వచ్చింది. దీనికేం రింగు వేస్తావు?"

గోడవార నిలబడ్డ పెద్దన్న భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత ఆమే మాట్లాడింది.

"నాలుగు నెలల్నుంచి ఈయన పొద్దున లేవగానే అద్దం ముందు చేతులు చాపుకుని నిలబడుతున్నాడు తమ్ముడూ. ఎంత వణుకుతున్నాయో చూసుకోవడానికి. డాక్టరు నరాల్లో ఏ లోపమూ లేదన్నా నమ్మలేదు. డాక్టరు మాట కంటే నీ మాట ఎక్కువైంది ఈయనకు. అన్ని చక్రాలు చూసినవాడు తప్పు చెప్పడుగా అన్నాడు."

తిట్టి ఉంటే తేలికయ్యేది. ఆ మాటలకు మేస్త్రి తల వంచుకుని బయటికొచ్చాడు. అటునుంచి అటే సెంటరుకెళ్లి మేనేజరమ్మ గదిలో నిలబడ్డాడు. ఆమె అంతా విని, బల్ల మీది తెల్లకాగితం ఒకటి ఆయన వైపు తోసింది.

"ఇదే రాసివ్వండి. ఆయన ఫైల్లో నేను రాసిన కాగితం ఒకటుంది. దాని పక్కన ఇది ఉండాలి."

చక్రం ఎంత బరువు తగ్గిందో గ్రాముల్లో చెప్పగలిగిన మనిషికి నాలుగు వాక్యాలు రాయడానికి గంట పట్టింది. రింగు విరగ్గొట్టింది నేను, వేయకుండా వదిలేసింది నేను, బండి నడిపి చూడకుండా డ్రైవరు మీద నెట్టింది నేను, అని రాసి సంతకం పెట్టాడు. అసలు పేరుతో. ఆమె చదువుకుని, "ఆ రోజు మీరు నవ్వించారు, నేను చేతులు చాపమన్నాను. బండెక్కి చూద్దామని మనిద్దరికీ తోచలేదు" అంది. కాగితం మడత పెడుతుంటే ఆమె ముఖం కూడా ఎర్రబడింది.

మర్నాడు ఉదయం పేషెంట్లు లేని వేళ చూసి ముగ్గురూ వ్యాను ఎక్కారు. పెద్దన్న ముందు ఒప్పుకోలేదు. భార్య ఇంట్లోంచి నెట్టినంత పని చేసి పంపింది. స్టీరింగు వెనక కూర్చుని చాలాసేపు తాళం తిప్పలేదు. మేస్త్రి పక్క సీట్లో, మేనేజరమ్మ వెనక.

ఊళ్లో ఇరవైలో నడిపాడు. బైపాసు మీద యాభై. హైవే ఎక్కాక కూడా అరవైలోనే చాలాదూరం పోయాడు. వెనక లారీవాడు హారను మోగించి దాటిపోయాడు. డెబ్బై అయింది. డెబ్బై అయిదు. ఎనభై దగ్గర పెద్దన్న భుజాలు బిగుసుకున్నాయి. దెబ్బకు కాచుకున్న మనిషిలా ఉన్నాడు.

ఎనభై అయిదు. స్టీరింగు కదల్లేదు. తొంభై. కదల్లేదు. దాని మీది చేతులూ కదల్లేదు.

వెనక్కి తిరగాల్సిన మలుపు వచ్చింది. పెద్దన్న తిప్పలేదు. అలాగే ముందుకు పోనిచ్చాడు. ఇంకో పదిహేను కిలోమీటర్లు అడగకుండానే నడిపాడు. మేనేజరమ్మ ఆపమనలేదు. మేస్త్రి అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. పక్కకు చూస్తే ఆ మనిషి కళ్లు ఎలా ఉంటాయో చూడాల్సివస్తుందని భయం.

సోమవారం నుంచి పెద్దన్న మళ్లీ వ్యాను ఎక్కాడు. కొత్త డ్రైవరును దూరపు ఊళ్ల కోసం తెచ్చిన రెండో బండి మీద వేశారు. చేతుల వణుకు ఒక్కరోజులో పోలేదు. స్టీరింగు మీద ఉండేది కాదు గానీ, పెన్ను పట్టుకుంటే చాలాకాలం వచ్చేది. చలి తగ్గేనాటికి మనవరాలిని ఎత్తుకుని వీధిలో తిప్పుతున్నాడని పిన్ని చెప్పింది.

వ్యాను మాత్రం సున్నా మేస్త్రి షెడ్డుకు మళ్లీ రాలేదు. ఊరికి అవతలి కొసన ఇంకో షెడ్డుంది, టైర్లకూ బ్యాలెన్సింగుకూ అక్కడికే పోతుంది. పెద్దన్న ఎవరితోనూ ఏమీ అనలేదు. అటు తిప్పుకుని పోతాడు, అంతే. మేస్త్రి ఆ పని తప్పని ఎవరి దగ్గరా అనలేదు.

మేస్త్రి కేకలు మానేశాడు. సున్నా పడితే చూసి ఊరుకుంటాడు. స్టీరింగు వణుకుతోందని ఎవరొచ్చినా, చేతిలో పని పక్కన పెట్టి, వాళ్లతో హైవే దాకా పోయి, తను కూడా ఆ వణుకును చేత్తో పట్టుకుని చూశాకే చక్రం విప్పుతున్నాడు. పన్నెండు కిలోమీటర్లు పోను, పన్నెండు రాను. గిరాకీ సగానికి పడింది. "ఇంత చాదస్తమేంటి మేస్త్రీ" అని మంగలి అంటే, "నాకు బుర్ర తక్కువ, చూస్తే గానీ తెలీదు" అంటాడు. జనం దాన్నీ జోకనుకుని నవ్వుతారు.

కూరగాయల బజారులో పెద్దన్న ఎదురుపడుతుంటాడు అప్పుడప్పుడు. ఎండల సంగతి, పాపకు పళ్లొస్తున్న సంగతి మాట్లాడుకుంటారు. క్షమించానని ఆయన ఎప్పుడూ అనలేదు. ఈయనా అడగలేదు. మాటలయ్యాక పెద్దన్న సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని వెళ్లిపోతాడు. మేస్త్రి వంకాయల బండి దగ్గరే కాసేపు నిలబడతాడు, ఏం కొనాలని వచ్చాడో గుర్తుకొచ్చేదాకా.